తెల్ల కోర

నారాయణగూడ చౌరస్తా పక్క సందులో, టైలర్ షాపు మీద, నగేష్ డెంటల్ ల్యాబ్ ఉంది. బోర్డు చూసి, చెంప పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాళ్లు అప్పుడప్పుడూ ఉంటారు. పాపం వాళ్లకేం తెలుసు, అక్కడ పళ్లు పీకరు, చేస్తారు. డాక్టర్లు పంపిన అచ్చులు చూసుకుని క్యాపులూ కట్టుడు పళ్లూ తయారుచేసి మళ్లీ డాక్టర్లకే పంపిస్తారు. పళ్లతోనే తప్ప మనుషులతో వాళ్లకు పని పడదు.

అందుకే అంబిక అనే ఆవిడ కూరగాయల సంచి రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు, అక్కడ పళ్లు చేసే ఎల్లేష్ చేతిలో పని ఆపకుండానే, డాక్టరు ఇక్కడ ఉండడు మేడం, ఎదురుగా హాస్పిటల్‌కు పోండి అన్నాడు.

"నాకు డాక్టర్ వద్దు. పన్ను చేసేటాయన కావాలె," అంది ఆమె.

ఆ మాటకు తలెత్తాడు. ఎత్తకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు గానీ, అబద్ధం, అట్లా ఒక్కసారి కూడా మనస్ఫూర్తిగా అనుకోలేదు.

ఆమె సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన ఒక పుర్రెను తీసి బల్ల మీద పెట్టింది. మూరెడు పొడవు, ముదురు గోధుమ రంగు. అసలు ఎముక కాదు, ప్లాస్టర్‌తో పోసిన నకలు. కింది దవడ విడిగా ఉంది. పై దవడలో కుడి వైపు కోర విరిగి మొదలు మాత్రం మిగిలింది. ఎడమ వైపు ఒట్టి గుంట.

ఎల్లేష్‌ది మహబూబ్‌నగర్ దగ్గర పల్లెటూరు. పల్లి చేల మీద పడే అడవి పందులను తరిమి తరిమి పెరిగినవాడు. "పంది తలకాయ తెచ్చిన్రా మేడం? ఒక్క క్యాప్ సరిపోతదా, మొత్తం సెట్ పెట్టాల్నా?" అన్నాడు. లోపలి గదిలో ఓనర్ నగేష్ కిసుక్కున నవ్వాడు.

అంబిక నవ్వలేదు. ఇది పంది కాదు, పెకరీ అంది. అమెరికా ఖండాల జంతువని, ఈ జాతి మంచుయుగం ముగిసే వేళకు భూమ్మీద లేకుండా పోయిందని చెప్పింది. పందులది ఒక కుటుంబమైతే పెకరీలది ఇంకో కుటుంబమట, కోట్ల ఏళ్ల కిందటే వేరుపడ్డాయట, చూపుకు ఒక్కలాగే ఉన్నంత మాత్రాన ఒకటైపోవట. ఆమె చెప్పే తీరు క్లాసు చెప్పినట్టే ఉంది. ఉంటుంది మరి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు జనరల్ సైన్స్ చెప్పేది ఆమే. ఒక పరిశోధన వ్యాసంలో ఆఖరి బొమ్మకు ఈ పుర్రె ఫోటో కావాలి, ఫోటోకు కోర కావాలి. శిలాజాలు బాగుచేసేవాళ్లు ఊళ్లో దొరకలేదు, పళ్లు చేసేవాళ్లయినా చేయకపోతారా అని వచ్చింది.

మనుషుల పళ్లకే తీరిక లేదు, ఇది మా పని కాదు అనబోయాడు నగేష్. అప్పటికే ఎల్లేష్ నోరు జారింది.

"నేను చేస్త అన్నా," అన్నాడు.

నగేష్ అతని ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్లీ లోపలికి పోయి ఫ్యాన్ కింద కూర్చున్నాడు.

వారం తిరక్కుండా కోర తయారైంది. మైనంతో చెక్కి, అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, నూరి నునుపు చేశాడు. బయటికి వంగి పైకి లేచిన కోర. వాళ్ల ఊళ్లో బుగ్గయ్య తాత గుడిసె గుమ్మానికి వేలాడే అడవి పంది కోర ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే వచ్చింది.

అంబిక దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవరిది?" అని అడిగింది.

"పందిది" అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమెకు ఫక్కున నవ్వొచ్చింది. ఎంత బాగా నవ్వింది! కానీ ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. ఎల్లేష్ అది గమనించాడు.

తర్వాత ఆమె కుర్చీ లాక్కుని పాఠం మొదలుపెట్టింది. పంది పై కోర పక్కకు తిరిగి పైకి లేస్తుంది. పెకరీది అట్లా కాదు, నిలువుగా కిందికి దిగుతుంది. దాని ముందు నుంచి కింది కోర పైకి వస్తుంది. నోరు మూస్తే రెండూ ఒరుసుకుంటాయి, ఆ ఒరుపుకే పదునెక్కుతాయి. అట్లా ఒకదానికొకటి పట్టుకుని ఉండడం వల్ల దవడ పక్కలకు పెద్దగా ఆడదు, పైకీ కిందికీ ఆడుతుంది. ఇదంతా చెప్పి, కింది దవడ ఎత్తి కోర వెనక వైపు చూపించింది. అక్కడ నున్నగా అరిగిన చోటు ఒకటి ఉంది. ఆమె దాని మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"పై కోర లేకున్నా, అది ఎంత పొడుగుండె, ఎట్ల దిగుతుండె, అంత ఈడనే తెలుస్తది," అంది.

"మా పని గూడ గంతే మేడం. పోయిన పన్ను కొలత దాని ఎదురు పన్ను చెప్తది," అన్నాడు ఎల్లేష్.

ఆమె అతన్ని మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. మన ఎల్లేష్‌కు ఆ చూపు చాలు. ఆ రోజే కింద హార్డ్‌వేర్ షాపులో తలుపు బందులు కొనుక్కొచ్చాడు. మనుషుల దవడలను ఆడించి చూసే ఇత్తడి చట్రం ల్యాబ్‌లో ఉంది గానీ, ఇంత పెద్ద మూతి దానికి ఎక్కదు. పుర్రెకు ఒక రెక్క, దవడకు ఒక రెక్క బిగించాడు. నోరు తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే, పక్కలకు పోదు. అంబిక వచ్చి చూసి, చిన్నపిల్లలా నాలుగైదుసార్లు ఆ నోరు టపటపలాడించింది.

రెండో కోర కోసం ఎల్లేష్ ప్రాణం పెట్టాడు. నిలువుగా దించాడు, అరుగుదల సరిగ్గా కుదిర్చాడు. ఆపైన తన అసలు విద్య చూపించాడు. డెంటల్ ల్యాబ్‌లో గొప్పతనం ఏమిటంటారు? పెట్టిన పన్ను పెట్టినట్టు తెలియకూడదు. పక్క పన్ను పసుపైతే ఇదీ పసుపు కావాలి, దాని మీద కాఫీ మరక ఉంటే దీని మీదా ఉండాలి. రంగులు కలపడంలో ఎల్లేష్‌ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని డాక్టర్లే అంటారు. గోధుమ రంగు, బూడిద రంగు, సన్నటి నెర్రెల్లో మట్టి నలుపు, అన్నీ దింపేశాడు. కోర అతికించాక ఏది పాతదో ఏది కొత్తదో నగేష్ కనిపెట్టలేకపోయాడు.

అంబిక కూడా కనిపెట్టలేకపోయింది. మెట్లెక్కి వచ్చి, పుర్రె చూసి, అక్కడే నిలబడిపోయింది. విరగకముందు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. ఆమె కళ్లనిండా నీళ్లు వచ్చాయి. ఎల్లేష్ అది సంతోషమనుకున్నాడు, పిచ్చివాడు.

"తీసెయ్యండి," అంది.

ఏం తప్పయిందని అడిగాడు.

"రంగెందుకు వేసిన్రు? శిలాజాలకు అట్ల వెయ్యరు. పోయింది పోయినట్టు తెలవాలె. మనం పెట్టింది, మనం పెట్టినట్టు తెలవాలె. రంగు కలిపితే చూసేటోళ్లకు అబద్ధం చెప్పినట్టయితది. ఆయన ఎప్పుడు అదే చెప్తుండె."

ఆయన ఎవరో ఆమే చెప్పింది. వెంకటేశ్, ఆమె భర్త. ఒక కాలేజీలో జియాలజీ చెప్పేవాడు. హిమాలయాల అంచున శివాలిక్ కొండల్లో దొరికిన కొన్ని పాత పళ్లు పెకరీ కుటుంబానివేనని కొందరంటారు, కావని కొందరంటారు. ఆ తగవు మీదే పనిచేస్తుండేవాడు. పోల్చి చూడడానికి తెలిసినవాళ్ల ద్వారా ఈ నకలు తెప్పించుకున్నాడు. వ్యాసం దాదాపు అయిపోవచ్చింది. ఒక పొద్దున క్లాసుకు మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. ముప్పై అయిదు నిండలేదు. కిరాయి తక్కువ అని అత్తాకోడళ్లు చిన్న ఇంటికి మారేటప్పుడు అట్టపెట్టె జారి కుడి కోర విరిగి పొడైంది. ఎడమది అసలు శిలాజంలోనే లేదు.

ఎల్లేష్ సన్నటి రంపం తీసుకుని, తను ప్రాణం పెట్టి చేసిన కోరను అక్కడే కోసి తీసేశాడు.

అతను ప్రేమలో పడ్డది ఆ క్షణంలోనే అని నగేష్ అంటాడు. నాకైతే పందిది అని నాలుక కరుచుకున్నప్పుడే పడ్డాడనిపిస్తుంది. ఎప్పుడైతేనేం, పడ్డాడు.

మూడో కోర తెల్లగా చేశాడు. పొడవు ఎక్కువైంది అంది అంబిక. తర్వాతది పొట్టి అంది. ఆ తర్వాతదానికి మొదట్లో వంపు చాలలేదు. ప్రతిసారీ ఆమె సాయంత్రం క్లాసులయ్యాక వచ్చేది, ప్రతిసారీ ఎల్లేష్ కింది నుంచి చాయ్ తెప్పించేవాడు. తప్పు చెప్పించుకోవడానికి అంత సంతోషంగా కూర్చునే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు.

చాయ్ తాగుతూ ఆమె ఏవేవో చెప్పేది. పంది దవడ పళ్ల మీద గుండ్రటి బుడిపెలుంటాయి, ఈ జాతి పెకరీకి అడ్డంగా గట్లు ఉంటాయి, గట్టి ఆకులు నమలడానికి. కాళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి, పాదానికి రెండే గిట్టలు. మొట్టమొదట దీని ఎముకలు దొరికినప్పుడు ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టారట, వేరు వేరు జంతువులనుకుని. తర్వాత చూస్తే అన్నీ ఒక్కదానివే.

"మా అమ్మ గూడ గంతే," అన్నాడు ఎల్లేష్. "పొద్దుగాల నన్ను బంగారం అంటది, పెండ్లి మాటకు కాదంటే గాడిద అంటది. జంతువు ఒక్కటే."

అంబిక నవ్వింది. ఈసారి నవ్వు మధ్యలో ఆగలేదు. ఆగనందుకు ఆమే ఆశ్చర్యపోయి, గ్లాసు కింద పెట్టి, టైమైంది అని లేచిపోయింది.

ఇంకో రోజు మందల సంగతి చెప్పింది. బతికున్న పెకరీల వీపు మీద వాసన గ్రంథి ఉంటుంది. ఒకదానికొకటి రుద్దుకుని మందంతా ఒకే వాసన పూసుకుంటాయి, ఆ వాసనతోనే తమవాళ్లను గుర్తుపడతాయి. పాత జాతి కూడా మందలుగానే బతికింది. ఒకచోట చాలా అస్థిపంజరాలు కలిసి దొరికాయట, అన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి. దుమ్ము తుఫాను వస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కుని అట్లాగే పూడిపోయి ఉంటాయని వెంకటేశ్ అనేవాడు.

"ఎముకలు మిగుల్తయి ఎల్లేష్. వాసన మిగలది," అంది.

మేడం, మీరు అనే పిలుపుల మధ్య ఆమె అతన్ని ఒట్టి పేరుతో పిలవడం అదే మొదలు. మామూలు రోజైతే ఎగిరి గంతేసేవాడు. ఆ రోజు ఆమె ముఖం చూసి, చల్లారిన గ్లాసు తీసేసి ఇంకో చాయ్ చెప్పాడు.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం కొత్త కోర పట్టుకుని తనే అశోక్‌నగర్ పోయాడు, ఆమెకు జ్వరమని తెలిసి. కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, మెస్‌ల ముందు తడుస్తూ నిలబడ్డ పిల్లలు, వాళ్లందరినీ దాటుకుని ఒక హాస్టల్ పక్క బిల్డింగ్ మూడో అంతస్తు. తలుపు తీసింది అంబిక అత్తగారు రాజ్యలక్ష్మి. ఆమెను చూడగానే గోడ మీది ఫోటోలో ఉన్నది ఎవరో ఎల్లేష్‌కు వేరే చెప్పక్కర్లేకపోయింది, అవే కళ్లు.

కోర చూసి, అరుగుదల పక్కకు పోయింది అంది అంబిక, శాలువా కప్పుకుని. సరే మేడం, మళ్లీ చేస్త అన్నాడు. లేచేసరికి వాన దంచికొడుతోంది. తలుపు పక్కన మేకుకు నల్ల గొడుగు వేలాడుతోంది. అంబిక యథాలాపంగా దాన్ని తీసి అతని చేతికి ఇవ్వబోయింది.

"అది వానిది," అంది రాజ్యలక్ష్మి.

గొంతు పెంచలేదు. కానీ వచ్చి, కోడలి చేతిలోంచి గొడుగు తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ మేకుకు తగిలించింది. అంబిక చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి. పర్వాలేదమ్మా, నాకు తడుసుడు అలవాటే అని ఎల్లేష్ మెట్లు దిగాడు. చిక్కడపల్లి దాకా తడుస్తూ నడిచాడు. తన గుండెకు ఏదో గుచ్చుకున్నదని, అది తీయడం ఎవరి వల్లా కాదని ఆ వానలో అతనికి తెలిసివచ్చింది.

రెండు రోజుల తర్వాత రాజ్యలక్ష్మే ల్యాబ్‌కు వచ్చింది, రొప్పుతూ. నగేష్ కుర్చీ వేసి, చాయ్ నెపంతో కిందికి జారుకున్నాడు. ఆమె మొదట ఎల్లేష్ జలుబు గురించి అడిగింది. తర్వాత బల్ల మీద డబ్బాలో పడి ఉన్న పాత కోరలన్నీ చేత్తో కలిపి చూసింది.

"ఇవన్ని తప్పేనా బిడ్డా?"

"మేడం తప్పన్నది అమ్మా."

"నీకెట్ల అనిపిస్తుంది?"

ఎల్లేష్‌కు ఎప్పుడో తెలుసు. పోయినసారి చేసినదాంట్లో తప్పు లేదు, దానికి ముందుదాంట్లోనూ లేదు. దవడ మూస్తే కోర కోరను తాకిన చప్పుడే చెబుతుంది. తెలిసీ నోరు మెదపలేదు, తప్పుంటేనే ఆమె మళ్లీ వస్తుంది కాబట్టి.

"నువ్వు వంద చేసినా మా కోడలు ఒప్పుకోదు," అంది రాజ్యలక్ష్మి. "ఆ పన్ను అయితే ఫోటో అయితది. ఫోటో అయితే వాని పని ఒడుస్తది, అయిపోతది. ఒడుసుడు దానికి ఇష్టం లేదు. రోజు ఆ కాయిదాలు ముందరేసుకుని కూసుంటది, ఒక్క అక్షరం ముట్టదు. వాడు పక్కన కూసున్నట్టే అనుకుంటది పిచ్చిది." చేతిలోని కోరను డబ్బాలో వేసింది. "నాకు గూడ గట్లనే ఉంటుండె. మొన్న ఛత్రి గుంజుకున్నప్పుడు దాని మొఖం చూసిన. బతికున్న పిల్లను ఇట్ల పెట్టుకునుడు పాపమనిపించింది."

ఆమె పోయాక నగేష్ పైకి వచ్చాడు. సంగతి విని, అయితే ఇంకేంది తమ్మీ, జిందగీ అంతా కోరలు చేసుకుంటనే ఉండు, రోజు వస్తది, రోజు చాయ్ అని నవ్వబోయాడు. ఎల్లేష్ నవ్వకపోయేసరికి తనూ ఊరుకున్నాడు.

అట్లా చేయొచ్చు. అదే కదా బాధ. నోరు మూసుకుని ఇంకో కోర చేస్తే ఆమె ఇంకో సాయంత్రం వస్తుంది. నిజం చెబితే పని అయిపోతుంది, ఇక ఈ మెట్లెక్కే అవసరమే ఆమెకు ఉండదు. అతను ఆ రోజంతా ఏ పనీ చేయలేదు. మర్నాడు కూర్చుని ఆఖరి కోర చేశాడు.

అంబిక వచ్చింది. తెల్లటి కోర గోధుమ రంగు పుర్రెలో నిలువుగా దిగి ఉంది. ఆమె దవడ ఆడించింది, అరుగుదల చూసింది, వేలితో వంపు తడిమింది. "జర లోపలికి..." అని మొదలుపెట్టింది.

"లేదు మేడం. ఇది కరెక్టే," అన్నాడు ఎల్లేష్. "మొన్నటిది గూడ కరెక్టే ఉండె. మీకు తెలుసు, నాకు తెలుసు. మీరు మళ్ల రావాలని నేను సప్పుడు చెయ్యలే. ఇంక నాతోని కాదు. సార్ పని ఆగిపోయింది. తీస్కపోండి."

ఆమె ముఖం తెల్లబోయింది. కోపంగా ఏదో అనబోయి కుర్చీలో కూలబడింది. బల్ల మీద తల పెట్టి, పుర్రెను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. అన్నాళ్లదీ కలిపి ఏడ్చింది. ఎల్లేష్ ఆమె భుజం మీద చెయ్యి వేయలేదు, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె లేచి, పుర్రెను చీర ముక్కలో చుట్టుకుని, థ్యాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత రాలేదు. ఆ ఏడు వానలు పోయాయి, చలికాలం పోయింది. అంబర్‌పేట్ బస్తీలో ఎల్లేష్ తల్లి బీరమ్మ రెండు సంబంధాలు చూసింది, రెండింటికీ అతను తలనొప్పి అన్నాడు. పళ్లు చేసేటోడికి తలనొప్పేందిరా అని ఆమె తిట్టింది. కూరగాయల సంచితో ఎవరు మెట్లెక్కినా అతని చెయ్యి ఆగిపోయేది. అశోక్‌నగర్‌కు నడిచిపోతే పావుగంట, కానీ పోలేదు. ఏ పని పేరు చెప్పి పోవాలి?

మళ్లీ తొలకరి పడ్డాక అంబిక ఫోన్ చేసింది. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరికి రమ్మంది. గేటు బయట పుస్తకాల సంచులతో పిల్లలు, చాయ్ బండి, బురద. ఆమె చిక్కిపోయింది, కానీ కళ్ల కింద నలుపు తగ్గింది. వ్యాసం అచ్చయిందని చెప్పి ఫోన్‌లో చూపించింది. వెంకటేశ్ పేరు ముందు, పక్కన చిన్న సిలువ గుర్తు, పోయినవాళ్లకు అట్లా పెడతారట. ఆ తర్వాత ఆమె పేరు. ఆఖరి బొమ్మ కింద, తెల్లగా కనిపించే కోర తర్వాత అమర్చినదని, చేసింది ఎల్లేష్ అని ఇంగ్లీషులో ఉంది. అతను తన పేరును రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాడు.

"ఆ రోజు నీ మీద మస్తు కోపమొచ్చింది," అంది ఆమె. "ఇంటికి పోయి ఫోటో తీసిన. ఏడుస్తనే రాసిన. రాసుడు అయినంక ఆయన ఇంకోసారి పోయినట్టే ఉండె. కానీ ఆ దినం మంచిగ నిద్రపట్టింది."

ఇద్దరూ చాయ్ తాగారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు ఎల్లేష్. సూటిగా చెప్పేశాడు, మిమ్మల్ని చూడకుండా ఈ ఏడాది ఎట్లా గడిచిందో నాకే తెలియదు, మీరు ఊ అంటే పెళ్లి చేసుకుంటా, లేదంటే ఈ చాయ్ పైసలు నేనే కట్టి పోతా అని.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "నాకు భయమైతది ఎల్లేష్. నువ్వు గ్లాస్ అట్ల పట్టుకుంటే ఆయన లెక్కనే కనపడ్తది. నీలో ఆయన్ని దేవులాడుకుంటనేమో. అది నీకు అన్యాయం గద."

"నన్ను ఆయన రంగుల కలపకుండ్రి. మీరే నేర్పిన్రు గద, కొత్తది కొత్త లెక్కనే కనపడాలె అని. ఆయన జాగ ఆయనదే. నేను పక్కన తెల్లగనే ఉంట."

ఆమె మెడ వంచుకుని గ్లాసులోకి చూసింది. చినుకులు గ్లాసులో పడుతున్నాయి. తర్వాత అత్తగారి మాట ఎత్తింది. ఆమెను విడిచి తను ఎక్కడికీ రాదు. విడవమన్నది ఎవరు అన్నాడు ఎల్లేష్. విడవడం కాదు అంది అంబిక.

"ఆయన గురించి మాట్లాడుకునేటందుకు అత్తమ్మకు నేనొక్కదాన్నే ఉన్న. నేను ఇంకొకరిదాన్నైతే ఆమె కొడుకు మొత్తానికే పోతడు. ఆమెను నేను అడగలేను. అడగను గూడ."

ఎల్లేష్ గ్లాసు బండి మీద పెట్టాడు. మా అమ్మతో అంటే నేను మాట్లాడుకోగలను గానీ మీ అత్తమ్మతో ఏమని మాట్లాడను అని, డబ్బులిచ్చి, తల మీద కర్చీఫ్ వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె ఆపలేదు. ఈ కథ అక్కడితో అయిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు.

ఆ నెలలోనే వెంకటేశ్ తద్దినం వచ్చింది. ముందు రోజు రాజ్యలక్ష్మి తనే ఫోన్ చేసి, రేపు పగటి పూట భోజనానికి రావాలని ఎల్లేష్‌కు చెప్పింది. ఎందుకు పిలిచిందో అర్థం కాక, రానని చెప్పలేక పోయాడు.

ఇంట్లో నలుగురైదుగురు చుట్టాలున్నారు. ఫోటోకు దండ, ముందు అచ్చయిన వ్యాసం కాగితాలు, పక్కన బీరువా మీద పెకరీ పుర్రె. గోధుమ రంగులో ఆ ఒక్క కోర తెల్లగా మెరుస్తోంది. ఒక పెద్దాయన దాన్ని చూసి, ఇదొక్కటి తెల్లగుందేందమ్మా, జర రంగేయిస్తే మంచిగ కలిసిపోవు గద అన్నాడు. అంబిక చెప్పేలోపే రాజ్యలక్ష్మి అందుకుంది.

"కలవొద్దు అన్నా. అది తర్వాత పెట్టింది. పెట్టినట్టే కనపడాలె," అంది, విస్తళ్లు వేస్తూ.

చుట్టాలు తిని వెళ్లారు. ఎల్లేష్ కూడా చెప్పులు వేసుకున్నాడు. బయట వాన పట్టుకుంది, ఆగేలా లేదు. పర్వాలేదమ్మా, పోతా అన్నాడు. రాజ్యలక్ష్మి ఉండు అని లోపలికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక గొడుగు ఉంది. చిలకపచ్చ రంగు, నారాయణగూడ ఫుట్‌పాత్ మీద దొరికే రకం, కవరు కూడా తీయలేదు.

"నీకనే కొన్న. ఇది నీది," అంది. "వాని ఛత్రి వానికి ఉండనీ బిడ్డా. నేనది ఎవ్వరికియ్యను."

ఎల్లేష్ రెండు చేతులా తీసుకున్నాడు. అంబిక వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి చూస్తోంది. రాజ్యలక్ష్మి ఆమె వైపు తిరగకుండానే, గోడ వైపు చెయ్యి చూపించింది. తలుపు పక్కన నల్ల గొడుగు ఎప్పటిలాగే మేకుకు వేలాడుతోంది. దాని పక్కన జానెడు దూరంలో ఇంకో మేకు ఉంది. కొత్తది, చుట్టూ సున్నం పెచ్చులు ఊడి ఉన్నాయి.

"పొద్దుగాల నేనే కొట్టిన, వంకర పోయింది," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫోటో వైపు చూసింది. అంబిక వచ్చి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ అట్లా పట్టుకుని ఏడుస్తుంటే ఎల్లేష్ చెప్పులతోనే గుమ్మంలో నిలబడిపోయాడు.

రాజ్యలక్ష్మి కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది.

"ఇప్పుడైతే పో, వాన పెరుగుతది. మళ్ల వచ్చినప్పుడు దాన్ని ఈ మేకుకు తగిలియ్యి."